‘ఎవరు కనిపెట్టారు?’ అనే బిట్టుకు ఒక్క పేరు ఎందుకు చాలదు

రేడియోను కనిపెట్టింది ఎవరు? పాత గైడులో మార్కోని అని ఉంటుంది. క్లాసులో సారు జగదీశ్ చంద్ర బోస్ అంటారు. ఫోన్ తెరిస్తే శాస్త్రవేత్త నికోలా టెస్లా పేరుతో వీడియోలు వరుస కడతాయి. హనుమకొండ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు చదివేవాళ్లకే కాదు, బడిపిల్లల సైన్స్ ఆలోచనల పోటీ ఇన్‌స్పైర్ మనక్‌కు ప్రాజెక్టు తయారుచేసుకుంటున్న ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా ఈ గందరగోళం తప్పడం లేదు. 2024లో భౌతికశాస్త్ర నోబెల్‌ను మెదడులోని నాడుల అల్లికను అనుకరిస్తూ ఇప్పటి ఏఐకి ఆధారమైన కృత్రిమ నాడీజాలాల మీద చేసిన పనికి జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు ఇచ్చారు. అప్పటి నుంచి ‘అయితే ఏఐని కనిపెట్టింది వీళ్లేనా?’ అన్న ప్రశ్న కూడా తోడైంది.

రేడియో గురించి పైన చెప్పిన మూడు జవాబుల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. ‘కనిపెట్టడం’ అని మనం ఒక్క మాటలో తేల్చేసే దాంట్లో కనీసం నాలుగు వేర్వేరు పనులున్నాయి. చాలాసార్లు వాటిని వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు చేశారు.

ఒక వస్తువు వెనుక ఉండే నాలుగు పనులు

మొదటిది, ప్రకృతిలో ముందే ఉన్న సూత్రాన్ని తెలుసుకోవడం. రెండోది, ఆ సూత్రంతో నడిచే వస్తువును మొదటిసారి చేసి చూపించడం. మూడోది, ఆ వస్తువు పాడవకుండా, చవకగా, లక్షల సంఖ్యలో తయారయ్యే పద్ధతి కనుక్కోవడం. నాలుగోది, దాని మీద చట్టపరమైన హక్కు రాయించుకోవడం. ఆ హక్కునే పేటెంట్ అంటాం.

పేటెంట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అపార్థాలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. మన దేశంలో 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం, దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లపాటు ఆ వస్తువును లేదా పద్ధతిని అనుమతి లేకుండా ఇంకొకరు వ్యాపారానికి వాడుకోకూడదు. దానికి బదులుగా, అది ఎలా పనిచేస్తుందో వివరంగా రాసి అందరికీ తెలిసేలా ఇచ్చేయాలి. అది కొత్తదై ఉండాలి, ఆ రంగం తెలిసినవాళ్లకు కూడా ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో పనికొచ్చేదై ఉండాలి. ప్రకృతి సూత్రాల మీద మాత్రం ఎవరికీ పేటెంట్ రాదు. అందుకే మొదటి పని చేసిన శాస్త్రవేత్త పేరు పేటెంట్ కాగితాల్లో చాలావరకు కనిపించదు.

ఇప్పుడు రేడియోను ఈ నాలుగు పనుల్లో పెట్టి చూద్దాం. విద్యుదయస్కాంత తరంగాలు ఉండి తీరాలని 1865లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లెక్కలతో చెప్పాడు. అవి నిజంగా ఉన్నాయని 1887, 1888లో జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ ప్రయోగం చేసి చూపించాడు. 1895 ప్రాంతంలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఆ తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మోగించి, మందుగుండు పేల్చారు. ఆయన వాడిన తరంగాల పొడవు మిల్లీమీటర్లలో ఉండేది, అప్పటికి ప్రపంచంలో దాదాపు ఎవరూ ముట్టుకోని ప్రాంతం అది. మార్కోని 1896లో బ్రిటన్‌లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. 1901లో అట్లాంటిక్ మహాసముద్రం అవతలికి సంకేతం పంపాడు, కంపెనీ పెట్టి ఓడలకు వైర్‌లెస్ అమర్చాడు. 1909లో ఫెర్డినాండ్ బ్రౌన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. బోస్‌కు పేటెంట్ల మీద ఆసక్తి లేదు. స్నేహితుల ఒత్తిడి మీద తీసుకున్న అమెరికా పేటెంట్ 1904లో వచ్చింది, అది తరంగాలను పసిగట్టే స్ఫటికం మీద. అంటే దూరానికి కబురు పంపే వ్యాపారాన్ని నిలబెట్టింది మార్కోని, తరంగాల శాస్త్రాన్ని, వాటిని పట్టే పరికరాలను ముందుకు నడిపినవాళ్లలో బోస్ ఒకరు.

మరి టెస్లా? 1943లో అమెరికా సుప్రీంకోర్టు మార్కోని పేటెంట్‌లోని ముఖ్యమైన భాగాలను కొట్టేసింది. ఆలివర్ లాడ్జ్, టెస్లా, జాన్ స్టోన్ వాటిని అంతకుముందే చెప్పారన్నది కారణం. ‘రేడియోను కనిపెట్టింది టెస్లా’ అని ఆ తీర్పు ఎక్కడా చెప్పలేదు. వీడియోల్లో మాత్రం అలాగే చెబుతున్నారు.

ఫోన్ బ్యాటరీ: రెండు బహుమతులు, రెండు జాబితాలు

మీ ఇంట్లో ఉన్న ఫోన్‌లో లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది. వరంగల్, కరీంనగర్ రోడ్ల మీద తిరిగే ఎలక్ట్రిక్ స్కూటర్లలో, బస్సుల్లో ఉండేది కూడా ఆ కుటుంబానిదే. దీని పని చెప్పడానికి మగ్గం మీది నాడె గుర్తు చేసుకుంటే చాలు. నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి తిరిగినట్టే, చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్తాయి, ఫోన్ వాడుతున్నప్పుడు తిరిగొస్తాయి. అందుకే ఒకే బ్యాటరీని వందల సార్లు నింపుకోగలుగుతున్నాం.

1970లలో చమురు సంక్షోభం వచ్చినప్పుడు, ఎక్సాన్ అనే చమురు కంపెనీలోనే పనిచేస్తున్న స్టాన్లీ విట్టింగ్‌హామ్ ఈ పద్ధతికి పునాది వేశాడు. ఒక కొసకు టైటానియం డైసల్ఫైడ్, రెండో కొసకు లిథియం లోహం వాడాడు. రెండు వోల్టులకు కాస్త ఎక్కువ వచ్చింది. కానీ లిథియం లోహం మీద సూదుల్లాంటి మొలకలు పెరిగి, అవతలి కొసకు తగిలి మంటలు అంటుకునేవి. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం టైటానియం డైసల్ఫైడ్ స్థానంలో కోబాల్ట్ ఆక్సైడ్ వాడి నాలుగు వోల్టులు సాధించింది. 1985లో జపాన్‌లో అకిరా యోషినో లిథియం లోహాన్ని పూర్తిగా తీసేసి, ఆ కొసకు పెట్రోలియం కోక్ అనే కార్బన్ పదార్థం పెట్టాడు. మంటల భయం బాగా తగ్గింది. 1991లో సోనీ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

వోల్టులు పెరగడం ఎంత పెద్ద విషయమో ఒక లెక్క చేస్తే తెలుస్తుంది. ఫోన్ బ్యాటరీ మీద 5,000 ఎంఏహెచ్ అని ఉంటే, అది 5 ఆంపియర్-అవర్లు. దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 18.5 వాట్-అవర్ల శక్తి. అదే 2 వోల్టుల దగ్గరే ఆగిపోయి ఉంటే 10 వాట్-అవర్లు మాత్రమే దక్కేవి, అంటే సాయంత్రం దాకా వచ్చే చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోయేది. ఇంకో సంగతి: కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు. మధ్యలో పోయే నష్టాన్ని పక్కన పెడితే, ఒక్క యూనిట్‌తో ఇలాంటి ఫోన్‌ను సుమారు 54 సార్లు నింపొచ్చు.

ఇక పేర్ల సంగతి. 2019 రసాయనశాస్త్ర నోబెల్ గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు వచ్చింది. అప్పటికి గుడినఫ్ వయసు 97, నోబెల్ అందుకున్నవాళ్లలో అందరికంటే పెద్దవాడు ఆయనే. అంతకు ఐదేళ్ల ముందు, 2014లో, ఇదే బ్యాటరీకి అమెరికా ఇంజినీరింగ్ అకాడమీ డ్రేపర్ బహుమతి ఇచ్చింది. అందులో గుడినఫ్, యోషినోలతో పాటు రషీద్ యాజమి, యోషియో నిషి ఉన్నారు, విట్టింగ్‌హామ్ లేడు. యాజమి మొరాకోలో పుట్టి ఫ్రాన్స్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి వెళ్లి తిరిగి రాగలవని 1980లో చూపించాడు. ఇప్పుడు మనం వాడే ఫోన్ బ్యాటరీల్లో చాలావరకు ఆ కొసన ఉండేది గ్రాఫైటే. నిషి సోనీలో ఆ బ్యాటరీని ఫ్యాక్టరీ సరుకుగా మార్చిన ఇంజినీరు.

రెండు సంస్థలూ నిజాయితీగానే ఎంపిక చేశాయి. నోబెల్‌లో ఆలోచనకు పునాది వేసిన విట్టింగ్‌హామ్‌కు చోటు దొరికింది, డ్రేపర్‌లో తయారీ దాకా నడిపించిన నిషికి దొరికింది. పైగా నోబెల్ నియమం ప్రకారం ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచకూడదు, నాలుగో మనిషికి అక్కడ చోటే లేదు. ఇంత పెద్ద సంస్థల జాబితాలే కలవనప్పుడు, బిట్ పేపర్‌లో ఒక్క పేరుకు టిక్కు పెట్టమనడం పిల్లలకు అన్యాయమని నా అభిప్రాయం.

నీలి వెలుగు కోసం ముప్పై ఏళ్లు

ఎల్ఈడీ బల్బు కథ వింటే ‘మూడో పని’ ఎంత కష్టమో అర్థమవుతుంది. ఎల్ఈడీలో రెండు పొరలుంటాయి. ఒకదాంట్లో ఎలక్ట్రాన్లు ఎక్కువ, రెండోదాంట్లో ఎలక్ట్రాన్లకు ఖాళీలు ఎక్కువ. కరెంటు ఇచ్చినప్పుడు ఎలక్ట్రాన్ వచ్చి ఖాళీలో పడుతుంది, అప్పుడు వదిలే శక్తే వెలుగుగా బయటికొస్తుంది. ఏ రంగు వెలుగు అన్నది ఆ శక్తిని బట్టి ఉంటుంది. నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో 1240ని భాగిస్తే ఎంత శక్తి కావాలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో వచ్చేస్తుంది. ఎరుపుకు 650 నానోమీటర్లు, అంటే సుమారు 1.9. నీలానికి 450 నానోమీటర్లు, అంటే సుమారు 2.75. నీలానికి అంత ఎక్కువ శక్తి వదిలే పదార్థం కావాలి.

ఎర్రగా వెలిగే ఎల్ఈడీని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేశాడు. నీలం మాత్రం దొరకలేదు. నీలం లేకపోతే తెల్ల వెలుగు లేదు, ఎందుకంటే ఇప్పటి తెల్ల ఎల్ఈడీ బల్బులో ఉండేది నీలి చిప్పు, దాని మీద పసుపు వెలుగిచ్చే పూత. గాలియం నైట్రైడ్ అనే పదార్థం సరిపోతుందని సూత్రం ప్రకారం తెలుసు. 1970ల ఆరంభంలో ఆర్‌సీఏ కంపెనీకి చెందిన జాక్ పాంకోవ్, హెర్బర్ట్ మరుస్కా దానితో మసక వెలుగు తెప్పించారు కూడా. ఆ తర్వాత కంపెనీ ఆ పని ఆపేసింది.

చిక్కులు రెండు. ఒకటి, గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని నీలమణి పలక మీద పెంచాలి. రెండింటి పరమాణువుల అమరిక కలవదు కాబట్టి స్ఫటికం పగుళ్లు పడేది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన విద్యార్థి హిరోషి అమానో 1986లో ముందుగా అల్యూమినియం నైట్రైడ్ పల్చని పొర వేసి, దాని మీద పగుళ్లు లేని స్ఫటికాన్ని పెంచారు. రెండో చిక్కు ఖాళీలు ఎక్కువుండే పొర. మెగ్నీషియం కలిపితే రావాలి, కానీ ఎంత కలిపినా రాలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టిన నమూనా ఎక్కువగా వెలుగుతోందని వాళ్లు గమనించారు, ఎలక్ట్రాన్ల ధార తగిలాక ఆ పొర తయారవుతోందని 1989లో చూపించారు. ఎందుకలా అవుతోందో తేల్చింది షుజి నకమురా బృందం. హైడ్రోజన్ వచ్చి మెగ్నీషియంను పట్టుకుని దాని పని చేయనివ్వడం లేదు, వేడి చేస్తే హైడ్రోజన్ వెళ్లిపోతుంది. ఎలక్ట్రాన్ ధార అక్కర్లేదు, వేడి చాలు. ఫ్యాక్టరీలో చేయగలిగే పద్ధతి అలా దొరికింది. నకమురా పనిచేసింది షికోకు దీవిలోని నిచియా అనే చిన్న రసాయనాల కంపెనీలో. 1993లో ఆ కంపెనీ ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని ప్రకటించింది.

తర్వాత గొడవ కోర్టుకెక్కింది. పేటెంట్ కంపెనీ పేరు మీద ఉంది, నకమురాకు ఇచ్చిన బోనస్ 20,000 యెన్లు. ఆయన దావా వేస్తే 2004లో టోక్యో కోర్టు 2,000 కోట్ల యెన్లు ఇవ్వాలని చెప్పింది. కంపెనీ పైకోర్టుకు వెళ్లింది, 2005లో వడ్డీతో కలిపి సుమారు 84 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది. నకమురా వాదన ఏమిటంటే, పై అధికారులు ఆపమన్నా పని కొనసాగించింది తానేనని. కంపెనీ వాదన కూడా విని తీరాలి: ఫలితం వస్తుందో రాదో తెలియని రోజుల్లో డబ్బు పెట్టింది కంపెనీ, నష్టం వస్తే భరించేది కూడా కంపెనీయే, తోటి ఉద్యోగుల కష్టం ఇందులో ఉంది. ఉద్యోగికి జీతం ఇచ్చినంత మాత్రాన అతని ఆలోచనంతా కొన్నట్టేనా అన్న ప్రశ్న జపాన్ పరిశ్రమను ఏళ్లపాటు కుదిపింది. 2014లో నోబెల్ అకసాకి, అమానో, నకమురాలకు వచ్చింది. ఎర్ర ఎల్ఈడీ చేసిన హోలోన్యాక్ తనను వదిలేశారని బాధపడ్డాడు. ఆ బహుమతి నీలి ఎల్ఈడీకే కాబట్టి కమిటీ చేసింది నియమం ప్రకారం సరే. అయినా ఆయన బాధలో న్యాయం లేదని నేను అనలేను.

తయారీ చేసినవాళ్లను మరచిపోవడం కొత్త సంగతేమీ కాదు. పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. 1213 నాటి శాసనం కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు చెబుతుంది. గుడికి శిల్పి పేరే వచ్చిందని అంటారు, అది అరుదైన గౌరవం. ఆ ఇటుకలను కాల్చడం కనుక్కున్న మనిషి ఎవరో మాత్రం మనకు తెలియదు.

మేధావి వల్లనా, కాలం పండినందువల్లనా?

చరిత్రకారుల్లో రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం, ఆ మనిషే లేకపోతే ఆ వస్తువు లేదంటుంది. రెండో వర్గం, కాలం పండితే ఎవరో ఒకరు కనిపెడతారని అంటుంది. వీళ్లు చూపించే సాక్ష్యం గట్టిదే. టెలిఫోన్ కోసం గ్రాహం బెల్, ఎలిషా గ్రే ఒకే రోజు, 1876 ఫిబ్రవరి 14న, పేటెంట్ ఆఫీసుకు కాగితాలు పంపారు. కంప్యూటర్ చిప్పు విషయంలో 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ ఒకరితో సంబంధం లేకుండా అదే ఆలోచనకు చేరుకున్నారు. కిల్బీకి 2000లో నోబెల్ వచ్చింది. నాయిస్ 1990లోనే చనిపోయాడు, చనిపోయినవాళ్లకు నోబెల్ ఇవ్వరు.

మరి నీలి ఎల్ఈడీ? 1980లలో ఎక్కువమంది జింక్ సెలినైడ్ మీద పనిచేస్తుంటే, గాలియం నైట్రైడ్‌ను పట్టుకుని వేలాడింది కొద్దిమందే. కాలం పండిందనే వాదన ఆ పట్టుదలను వివరించలేదు. దారి అందరికీ కనిపిస్తున్నప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకేసారి చేరుకుంటారు, అందరూ వెనక్కి తిరిగిన దారిలో మాత్రం ఒక్కొక్క మనిషి తేడా తెస్తాడు. నాకు ఈ రెండు వాదనలూ చెరో సందర్భంలో నిజమనిపిస్తాయి.

ఏఐ కథ ‘కాలం పండితే’ అనే రెండో వర్గం మాటకు దగ్గర. 1958లో ఫ్రాంక్ రోసెన్‌బ్లాట్ చేసిన పర్సెప్ట్రాన్ అనే తొలినాళ్ల నాడీజాలం, 1972లో జపాన్‌లో షునిచి అమారి చేసిన గణితం, 1982లో హాప్‌ఫీల్డ్ జాలం, 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ ప్రచురించిన నేర్పే పద్ధతి, ఇలా చాలామంది కలిసి వేసిన దారి అది. ఆ నేర్పే పద్ధతి వెనకున్న గణితాన్ని ఫిన్లాండ్‌లో సెప్పో లిన్నైన్‌మా 1970లోనే రాశాడు. ఇవన్నీ ఉన్నా పెద్దగా ఫలితం రాలేదు, యంత్రానికి చూపించడానికి సరిపడా బొమ్మలు లేవు. ఫెయి ఫెయి లీ బృందం 2009లో లక్షలాది ఫొటోలకు పేర్లు పెట్టించి ఇమేజ్‌నెట్ తయారుచేసింది. ఆ పేర్లు పెట్టింది ఇంటర్నెట్ ద్వారా చిన్న చిన్న కూలి పనులు చేసే వేలమంది. 2012లో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, హింటన్ కలిసి, వీడియో గేముల కోసం తయారైన రెండు గ్రాఫిక్స్ కార్డుల మీద తమ జాలాన్ని నడిపి, ఇమేజ్‌నెట్ ఫొటోల్లో ఏముందో గుర్తుపట్టే పోటీలో అందరినీ దాటేశారు. అక్కడి నుంచే ఇప్పటి వేగం మొదలైంది. 2024 నోబెల్ ప్రకటించాక అమారి లాంటి వాళ్ల పేర్లు ఎందుకు లేవని కొందరు పరిశోధకులు గట్టిగా అడిగారు. పునాది గుర్తించడమే బహుమతి ఉద్దేశమని ఇంకొందరు సమర్థించారు.

ఆలేరు ఆసు యంత్రం ఏ పని కిందికి వస్తుంది?

కాజీపేట నుంచి హైదరాబాద్ రైలెక్కితే జనగామ దాటాక ఆలేరు వస్తుంది. ఆ పక్కనే శారాజీపేట. అక్కడి నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేశారు. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఒక్కో చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు కదపాలి, రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే భుజం ఎలా ఉంటుందో ఊహించండి. తల్లి లక్ష్మమ్మ పడే ఆ నొప్పి చూసి ఏళ్లతరబడి కష్టపడి 1999 నాటికి యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇందులో కొత్త శాస్త్ర సూత్రం లేదు కాబట్టి ఇది ‘అసలు ఆవిష్కరణ’ కాదనేవాళ్లున్నారు. మోటారు ఆయనది కాదు, గేర్లు ఆయనవి కావు. ఆ లెక్కన చూస్తే మార్కోని కూడా హెర్ట్జ్ తరంగాలనే వాడాడు, యోషినో కూడా గుడినఫ్ కొసనే వాడాడు. రెండో పని, మూడో పని చేసినవాళ్లను ప్రపంచమంతా ఆవిష్కర్తలని పిలుస్తున్నప్పుడు ఆలేరులో చేసినవాళ్లకు వేరే కొలత పెట్టడం నాకు సరైనదిగా తోచదు. ఆసు పోసే చెయ్యి ఎక్కడ ఆగుతుందో, దారం ఎక్కడ తెగుతుందో ఆయనకు తెలిసినంతగా ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ తెలియదు. ఆ తెలివి కూడా శాస్త్రానికి కావాల్సిన ముడిసరుకే.

కనిపెట్టింది యంత్రమైతే పేరు ఎవరిది?

ఇప్పుడు కోర్టులను తిప్పుతున్న ప్రశ్న ఇది. అమెరికాకు చెందిన స్టీఫెన్ థేలర్ తన ఏఐ వ్యవస్థ డాబస్ రెండు వస్తువులను తానే రూపొందించిందని, ఆవిష్కర్తగా దాని పేరే రాయాలని చాలా దేశాల్లో దరఖాస్తులు వేశాడు. 2021లో దక్షిణాఫ్రికా పేటెంట్ ఇచ్చింది, అక్కడ దరఖాస్తును లోతుగా పరీక్షించే పద్ధతి లేదు. 2022లో అమెరికా అప్పీళ్ల కోర్టు, 2023 డిసెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం ఆవిష్కర్త మనిషే అయి ఉండాలన్నాయి.

2024లోనే రసాయనశాస్త్ర నోబెల్‌లో సగభాగం, ప్రోటీన్ల ఆకారాలను ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు గాను డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది. ఆకారాలను లెక్కకట్టింది ప్రోగ్రామ్, బహుమతి దాన్ని రాయించిన మనుషులది. రేపు ఒక మందు అణువును ఏఐ సూచిస్తే, దాన్ని ఎంపిక చేసి ప్రయోగశాలలో పరీక్షించిన మనిషి దరఖాస్తులో తన పేరు రాసుకోవచ్చు. అయితే ఆ మనిషి స్వయంగా ఎంత పని చేస్తే ఆవిష్కర్త అవుతారన్న దాని మీద దేశాల పేటెంట్ ఆఫీసుల్లో చర్చ ఇంకా నడుస్తోంది.